తొమ్మిదీ నలభైకి వచ్చిన కాల్

స్ట్రాండ్ రోడ్డు మీద ఒక పాత మేడ మూడో అంతస్తులో సత్యవేణి పదకొండేళ్ళు పనిచేసింది. ఆమె బల్ల మీద రెండు ఫోన్లు ఉండేవి. ఒకటి మామూలు ల్యాండ్‌లైను. రెండోది సముద్రంలో ఉన్న ఓడల కోసం. కంపెనీకి అయిదు చిన్న సరుకు ఓడలు. కలకత్తా నుంచి అండమాన్‌కి సిమెంటు, ఇనుము, ఉల్లిపాయలు మోసేవి. ఓడ నదీముఖాన ఉన్న సాగర్ ద్వీపం దాటిందంటే మనుషుల జేబుల్లో ఉన్న మొబైళ్ళన్నీ చచ్చిపోతాయి. ఆ తర్వాత నాలుగు రోజులపాటు వాళ్ళకి లోకంతో ఉండే సంబంధం కెప్టెన్ గదిలోని ఉపగ్రహ ఫోన్ ఒక్కటే. ఆ ఫోన్ మోగేది సత్యవేణి దగ్గర.

సత్యవేణి తండ్రి పేరు గురువులు. శ్రీకాకుళం తీరంలోని బారువ నుంచి వచ్చి ఖిదిర్‌పూర్ డాక్‌లో బస్తాలు మోసినవాడు. ఆమె పుట్టింది ఏక్‌బాల్‌పూర్ సందులో. బడి బెంగాలీలో, ఇంట్లో మాట తెలుగులో, వీధిలో మాట హిందీలో. తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటే తప్ప చదవలేదు. అయినా ఓడల్లో పనిచేసేవాళ్ళలో సగం మంది శ్రీకాకుళం తీరంవాళ్ళు, మిగతావాళ్ళు బెంగాలీలు. ఇద్దరితోనూ మాట్లాడగల మనిషి కంపెనీకి కావలసి వచ్చింది. పెళ్ళయిన ఆరేళ్ళకి భర్త జబ్బుతో పోతే, తల్లి సన్యాసమ్మ దగ్గరికి తిరిగొచ్చి చేరిన సత్యవేణికి ఉద్యోగం కావలసి వచ్చింది.

ఉపగ్రహ ఫోన్‌లో మాట్లాడటం ఒక పని. అవతలివాడి మాట ఆకాశందాకా పోయి రావాలి. మనం 'హలో' అన్నాక వాడికి చేరడానికి ఒక క్షణం, వాడు పలికింది మనకి చేరడానికి ఇంకో క్షణం. కొత్తవాళ్ళు ఆ ఖాళీని భరించలేక మళ్ళీ 'హలో' అంటారు. రెండు హలోలు మధ్యలో ఢీకొంటాయి, ఎవరికీ ఏమీ వినపడదు. సత్యవేణి ఒక్క మాట చెప్పి, మనసులో రెండు లెక్కపెట్టి, అప్పుడు వినేది. ఓడల్లో వాళ్ళందరికీ ఆమె గొంతు తెలుసు. ముఖం ఎవరూ చూడలేదు.

ఆ ఫోన్ల సంగతిలో ఒక దుర్మార్గం ఉంది. అది ఆమెకి తెలుసు, తెలిసినా పట్టించుకోలేదు. కొన్నేళ్ళ కిందట ఒక కెప్టెన్ ఇంజను ఆగిపోయిందని కంపెనీకి చెప్పకుండా నేరుగా తీర రక్షక దళానికి ఫోన్ చేశాడు. వాళ్ళు వచ్చి ఆదుకున్నారు. ఆదుకున్నాక ఓడ చూశారు. చూశాక తనిఖీ అధికారులు వచ్చి పదకొండు రోజులు కదలనివ్వలేదు. జనరల్ మేనేజర్ రఘురాం ఆ తర్వాత అయిదు ఓడల ఫోన్లకీ తాళం వేయించాడు. ఏ అంకె నొక్కినా, ఎర్రగా ఉండే ఆపద బటన్ నొక్కినా, ఆ ఫోన్ కలిపేది ఒకే ఒక్క నంబరు. అది సత్యవేణి బల్ల మీదిది. ఆమె తల పైన గోడకి ఒక కాగితం అంటించి ఉండేది. ఓడ నుంచి ఎలాంటి కబురు వచ్చినా ముందు జనరల్ మేనేజర్‌కి చెప్పాలి, బయటి సంస్థలకి ఎవరూ నేరుగా ఏమీ చెప్పకూడదు అని.

రఘురాం తెలుగువాడే. గుంటూరులో చదివి, బొంబాయిలో పైకొచ్చి, కలకత్తాకి పెద్ద ఉద్యోగం మీద వచ్చాడు. సాల్ట్ లేక్‌లో ఇల్లు. సత్యవేణి ఎదురుపడినప్పుడల్లా "మనవాళ్ళం కదా సత్యవేణీ" అనేవాడు. ఆ మాటకి ఆమె ప్రతిసారీ నవ్వేది. ఆయన ముందు కుర్చీలో మాత్రం ఎప్పుడూ కూర్చోలేదు, ఆయన కూర్చోమనలేదు.

రెండేళ్ళ కిందట, నవంబరులో ఒక గురువారం పొద్దున్న తొమ్మిదీ నలభైకి ఓడల ఫోన్ మోగింది. 'మాలిని' అనే ఓడ నుంచి. మాట్లాడింది మురళీమోహన్. ఆ ఓడలో వంటవాడు, యాభై దాటిన మనిషి, బారువ పక్క ఊరివాడు.

"సత్తెవేణమ్మేనా?"

"నానే అన్నా. సెప్పు."

ఒకటి, రెండు.

"ఆశిష్‌కి దెబ్బ తగిలినాదమ్మా. ఇంజను కాడ ఇనప మూత పైకి లాగతా ఉంటే గొలుసు తెగిపోనాది. మూత ఒచ్చి తొడ మీద పడిపోనాది. బొమిక బైటికి కనపడతన్నాది. రగతం ఆగక తాడుతో బిగించి కట్టీసినాం."

"ఎప్పుడు?"

"తొమ్మిదింపావు అయ్యుంటాది."

"కెప్టెన్ ఏడన్నా? నీసేత మాటాడిస్తన్నాడేటి?"

"పక్కనే ఉన్నాడు. మీ సారు తెలుగోడు, ఆ అమ్మీ తెలుగుదే, నువ్వే సెప్పుకో అన్నాడు. బేగి ఏటో ఒకటి సెయ్యమ్మా."

కెప్టెన్‌కి ఇంకో ఏడాదిలో రిటైర్మెంటు. కెప్టెన్ గదిలో ఫోన్ కాక రేడియో కూడా ఉంటుంది. ఆయన తలచుకుంటే దాని మీద సాయం అడగొచ్చు, దగ్గరలో ఉన్న ఏ ఓడైనా విని పలికేది. ఆయన తలచుకోలేదు. వంటవాడి చేతికి ఫోన్ ఇచ్చి పక్కన నిలబడ్డాడు. ఆ మనిషి ఆ పొద్దున్న చేసింది అంతే.

సత్యవేణి కాల్స్ రాసే రిజిస్టర్లో టైము రాసి, రఘురాం గదికి పరిగెత్తింది. లోపల సరుకు వ్యాపారులతో మీటింగు జరుగుతోంది. ఆయన తలుపు సందులోంచి బయటికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి విన్నాడు.

"బతికే ఉన్నాడుగా?"

"ఉన్నాడు సార్. రక్తం చాలా పోయిందంట."

"పోర్ట్ బ్లెయిర్ ఎంతసేపు?"

"ఇరవై గంటలన్నారు సార్."

"నొప్పి మాత్రలు వెయ్యమను. స్పీడు పెంచమను. మీటింగ్ అయ్యాక నేను చూస్తాను."

"సార్, తీర రక్షక దళానికి చెబితే హెలికాప్టర్..."

"సత్యవేణీ." ఆయన గొంతు తగ్గించాడు. "ఆ గొలుసు సర్టిఫికెట్ ఎప్పటిదో నీకు తెలుసు. ఇప్పుడు వాళ్ళని పిలిస్తే ఏమవుతుందో కూడా తెలుసు. నువ్వు ఆగమని చెప్పు చాలు."

ఆమెకి తెలుసు. బరువులెత్తే ఆ గొలుసు పరీక్ష గడువు జూన్‌లోనే అయిపోయింది. 'మాలిని' నుంచి ఆ సంగతి గుర్తుచేస్తూ మూడుసార్లు మెయిల్ వస్తే మూడుసార్లూ ఆమే ఆయనకి పంపింది. ఇప్పుడా గొలుసే తెగి ఒకడి తొడ నుజ్జయింది. అందుకే ఆయనకి సాయం వద్దు. సాయానికి వచ్చేవాళ్ళకి కళ్ళుంటాయి కదా.

ఆమె తిరిగొచ్చి, లైన్లోనే ఉన్న మురళీమోహన్‌కి మాత్రల మాట చెప్పింది.

పదీ ఇరవై అయిదుకి రెండో కాల్. ఈసారి ఫోన్ తీగ సాగినంత మేర లాగి, మాట బయటికి వినపడేలా మీట నొక్కి, కెప్టెన్ గదిలోనే ఓ మూల ఆశిష్‌ని పడుకోబెట్టిన చోటికి పట్టుకున్నాడు మురళీమోహన్. ఆశిష్ మండల్ ఇరవై ఎనిమిదేళ్ళ బెంగాలీ కుర్రాడు, ఇంజను మెకానిక్కు. "నీతో మాటాడితే ధైర్నం ఒస్తాదేమో సూడమ్మా" అన్నాడు మురళీమోహన్. సత్యవేణి బెంగాలీలో, మెత్తగా, "కాస్త ఆగండి. మేం చూస్తున్నాం. ఆగండి" అంది. అవతల మూలుగు వినపడింది. లైను తెగిపోయింది.

పదకొండున్నరకి మూడోసారి. అది రెండుసార్లు తెగి, మూడోసారి కలిసింది. అప్పుడూ అదే మాట చెప్పింది. ఆ మధ్యలో రఘురాం గదికి వెళ్తే గది ఖాళీగా ఉంది. వ్యాపారుల్ని భోజనానికి పార్క్ స్ట్రీట్ తీసుకెళ్ళాడని ప్యూన్ చెప్పాడు. ఆయన మొబైల్‌కి చేస్తే కట్ చేశాడు. ఒక నిమిషం తర్వాత మెసేజ్ వచ్చింది. 'ఆగమను.' అంతే.

ఎంత తేలికైన మాట అది. సముద్రం మధ్యలో, కాలికి తాడు బిగించుకుని, ఇనుప పలకల మీద పడున్న వాడికి చేరేలోపు ఆ మాట అయిదారు వందల మైళ్ళ నీళ్ళూ ఆకాశమూ దాటి వెళ్ళాలి. పంపినవాడు మాత్రం ఒక చేత్తో ఫోన్ పట్టుకుని రెండో చేత్తో చెంచా పట్టుకున్నాడు.

పన్నెండూ యాభైకి నాలుగో కాల్.

"మాటాడ్డం మానేసినాడమ్మా. ఒల్లంతా సల్లబడిపోతన్నాది. మంచినీల్లు కూడా మింగట్లేదు. ఇంకేటి సెయ్యాలో సెప్పు." మురళీమోహన్ గొంతు వణకలేదు. అందులో ఉన్నది అసహ్యం. "ఆగమని మాత్రం సెప్పకు."

సత్యవేణి ఎడమచేత్తో ల్యాండ్‌లైను తీసింది. తీర రక్షక దళం నంబరు నాలుగంకెలు. పదకొండేళ్ళుగా ఆమెకి నోటికొచ్చు. ఆ నాలుగంకెలు నొక్కడానికి ఎంతసేపు పడుతుందో ఆ రోజే ఆమెకి తెలిసింది. అవతల మొదటి మోతకే ఒక ఆడగొంతు పలికింది. హిందీలో, తొందరలేకుండా, ఓడ పేరు అడిగింది. ఎక్కడుందో అడిగింది.

"సత్యా, ఏం చేస్తున్నావో తెలుస్తోందా?" పక్క బల్ల గుమాస్తా లేచి నిలబడ్డాడు. ఆమె అతని వైపు చూడలేదు.

ముందు రెండు రిసీవర్లనీ ఎదురెదురుగా పెట్టి చూసింది, వాళ్ళే మాట్లాడుకుంటారేమోనని. గరగర తప్ప ఏమీ పోలేదు. దాంతో ఒక చెవికి ఒకటి, రెండో చెవికి ఒకటి ఆనించుకుంది. కుడివైపు నుంచి తెలుగు వింటుంది, ఎడమవైపు హిందీలో చెబుతుంది. ఎడమవైపు నుంచి హిందీ వింటుంది, కుడివైపు తెలుగులో చెబుతుంది. కెప్టెన్ ఇప్పుడు నోరు తెరిచి ఓడ ఉన్న చోటు అంకెల్లో చెప్పాడు. ఆమె ఒక్కో అంకె రెండేసి సార్లు పలికింది. అయిదు నిమిషాల్లో ఎడమవైపు లైన్లోకి ఒక డాక్టర్ వచ్చాడు.

"కట్టు దేనితో కట్టారు?"

"తాడుతో సార్."

"ఎప్పుడు?"

ఆమె అడిగింది. రెండు లెక్కపెట్టింది. మురళీమోహన్ చెప్పాడు.

"తొమ్మిదింపావుకి సార్."

డాక్టర్ వెంటనే ఏమీ అనలేదు. ఆయన కూర్చున్నది నేల మీదే, ఆయన లైను ల్యాండ్‌లైనే. ఆ ఖాళీలో ఉపగ్రహం తప్పేమీ లేదు.

"ఇప్పుడు మాకెందుకు చెబుతున్నారు?" అన్నాడు చివరికి. తర్వాత తనే, "సరే. తాడు విప్పొద్దని చెప్పండి. ఎవరూ విప్పొద్దు. తల కింద దిండు తీసెయ్యండి. దుప్పట్లు కప్పండి" అన్నాడు.

దుప్పట్లు కప్పారు. లైను ఎనిమిదిసార్లు తెగింది, ఎనిమిదిసార్లూ మురళీమోహన్ మళ్ళీ కలిపాడు. హెలికాప్టర్ బయల్దేరిందన్న కబురు ఆమే కుడివైపు చేరవేసింది. ఓడ ముందుభాగంలో సరుకు తాళ్ళు తీసి ఖాళీ చెయ్యమన్న మాట కూడా.

రెండుంబావుకి రఘురాం వచ్చాడు. గుమాస్తా ఫోన్ చేసి చెప్పి ఉంటాడు. బల్ల ముందు నిలబడి, "ఎవరినడిగి చేశావ్?" అన్నాడు. రెండు చెవుల్లో రెండు గొంతులు ఉన్న మనిషికి మూడో గొంతు అవసరం లేదు. ఆమె తల ఎత్తలేదు. ఆయన కాసేపు నిలబడి, చెయ్యి చాచి, ఎడమచేతిలోని రిసీవర్ లాక్కున్నాడు. గొంతు సవరించుకుని ఇంగ్లీషులో, తాను జనరల్ మేనేజర్‌నని, ఈ సహాయ చర్యలన్నిటినీ కంపెనీ తరఫున తానే స్వయంగా పర్యవేక్షిస్తున్నానని అవతలి అధికారిణికి చెప్పాడు. సత్యవేణి మొహం మీదే చెప్పాడు.

నాలుగున్నరకి హెలికాప్టర్ ఓడ మీదికి వచ్చింది. ఆశిష్‌ని తాళ్ళ మంచంలో పైకి లాగారు. ప్రాణం దక్కింది. పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రిలో అదే రాత్రి కుడికాలు మోకాలి పైనుంచి తీసేశారు. తాడు కట్టాక ఆరు గంటల్లోపు చేరితే కాలు నిలబెట్టే వీలుండేదని, ఎనిమిదిన్నర గంటలు దాటాక అందులో ప్రాణం లేదని అక్కడి డాక్టర్లు కాగితం మీద రాశారు.

ఆ లెక్క సత్యవేణికి ఎవరూ చెప్పనక్కర్లేదు. తొమ్మిదీ నలభై నుంచి పన్నెండూ యాభై దాకా మూడు గంటల పది నిమిషాలు. ఆ మూడు గంటల పది నిమిషాలూ తాను ఏం చేసిందో ఆమెకి తెలుసు.

వారం తర్వాత రఘురాం ఆమెని గదిలోకి పిలిచాడు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. టీ తెప్పించాడు.

"కంపెనీ నీ గురించి గొప్పగా అనుకుంటోంది," అన్నాడు. "తెలుగు సంఘం వాళ్ళు కూడా శాలువా కప్పుతామంటున్నారు. మా ఆవిడ హైమ ఆ ఏర్పాట్లు చూస్తోంది. ఒక్క చిన్న కాగితం. విచారణ వాళ్ళకి ఇవ్వాలి."

కాగితం ఇంగ్లీషులో ఉంది. ఓడ నుంచి మొదటి కాల్ పన్నెండూ నలభై అయిదుకి వచ్చిందని, అయిదు నిమిషాల్లో, జనరల్ మేనేజర్ ఆదేశం మేరకు, సత్యవేణి అనే ఉద్యోగిని తీర రక్షక దళానికి సమాచారం ఇచ్చిందని రాసుంది. కింద ఆమె పేరు, సంతకానికి ఖాళీ గీత.

"రిజిస్టర్లో తొమ్మిదీ నలభై అని ఉంది సార్."

"పాత రిజిస్టర్ తడిసిపోయింది. కొత్తది రాయించాం." ఆయన టీ కప్పు ఆమె వైపు జరిపాడు. "అతను బతికాడు. నీ మంచికే చెబుతున్నాను. ఆ మూడు గంటలు బయటికొస్తే ముందు నీ పేరే వస్తుంది. ఆగమన్నది నువ్వు. మనవాళ్ళం కాబట్టి చెబుతున్నా."

ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికి వచ్చింది. సన్యాసమ్మ చేపలు కడుగుతూ అంతా విన్నది.

"సంతకం పెట్టియ్యే," అంది. "ఆడు బతికినాడు గదా. నీకు ఉద్దోగం పోతే ఈ ఊర్లో మనకి మరేటున్నాది?"

"కాలు పోనాదమ్మా ఆడికి."

"నువ్వు తీసినావేటి?"

సత్యవేణి సంచిలోంచి కాగితం తీసి మళ్ళీ చదివింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పోర్ట్ బ్లెయిర్ నుంచి ఆశిష్‌ని ఇంటికి తీసుకొచ్చారని మురళీమోహన్ చెప్పాడు. ఆదివారం ఆమె బత్తాయిలు కొనుక్కుని బడ్జ్ బడ్జ్ వెళ్ళింది. జూట్ మిల్లు వెనక కూలీల ఇళ్ళ వరసలో ఒకే గది. తల్లి మిల్లులో పనిచేస్తుంది. దారి పొడుగునా సత్యవేణి ఏం మాట్లాడాలో అనుకుంటూనే ఉంది. ఫోన్ చేసింది తనేనని చెప్పకూడదు, చెబితే గొప్పలు చెప్పుకున్నట్టుంటుంది. వాళ్ళకే తెలిసి ఉంటుంది. వాళ్ళే అంటారు. అలా అనుకున్నానని ఆమె తర్వాత నాతో ఒప్పుకుంది, సిగ్గుపడుతూ.

ఆశిష్ మంచం మీద గోడకి ఆనుకుని ఉన్నాడు. దుప్పటి ఒకవైపు చదునుగా ఉంది. తల్లి స్టవ్ దగ్గర టీ పెడుతోంది.

"నేను ఆఫీసు నుంచి వచ్చాను. ఎలా ఉన్నారు?" అంది సత్యవేణి బెంగాలీలో.

అతను ఆమె ముఖం వైపు చూడలేదు. తల కొంచెం పక్కకి వంచి, విన్నాడు.

"ఇంకోసారి మాట్లాడండి."

"ఎలా ఉన్నారని అడిగాను."

"ఈ గొంతు నాకు తెలుసు," అన్నాడు అతను. "ఆగండి, మేం చూస్తున్నాం అన్నది మీరే. నాకప్పుడు స్పృహ ఉంది. పక్కనున్న రేడియో అందుకుని నేనే సాయానికి పిలుద్దామనుకున్నాను. మూడు అడుగుల దూరంలో ఉంది. మీరు ఆగమన్నారు." కొంచెం ఊపిరి తీసుకున్నాడు. "నేను ఆగాను, దీదీ."

తల్లి గిన్నెలోంచి మూడో గ్లాసులోకి పోయబోతున్న టీని ఆపేసింది. ఆ గ్లాసు తీసి పక్కన బోర్లించింది. ఎవరూ వెళ్ళమనలేదు. సత్యవేణి బత్తాయిల సంచి గడప పక్కన పెట్టి బయటికి వచ్చింది. వెనక నుంచి ఆ తల్లి వచ్చి సంచి తిరిగి చేతికిచ్చింది.

స్టేషన్ దాకా ఎక్కడా ఆగకుండా నడిచింది. మొదట అతని మీదే కోపం వచ్చింది. ఆఖరికి ప్రాణం నిలబెట్టింది నేను కాదా అని. సియాల్దా రైలు ఎక్కేసరికి ఆ కోపం తల్లి మీదికి పోయింది, మజేర్‌హాట్‌లో దిగేసరికి తన మీదికి తిరిగింది. ఏక్‌బాల్‌పూర్ సందు మలుపు తిరిగేటప్పుడు అది చేరవలసిన చోటికి చేరింది. అతను అన్నది అబద్ధం కాదు. ఆగమన్నది తన గొంతే. ఆ గొంతుని అరువు తీసుకుని మాట్లాడినవాడు వేరే ఉన్నాడు. చేతికి రక్తం అంటకుండా, ముఖం కనపడకుండా, పార్క్ స్ట్రీట్‌లో కూర్చుని. పదకొండేళ్ళు ఆ మెత్తటి గొంతుకే కంపెనీ జీతం ఇచ్చింది.

సోమవారం పొద్దున్నే రఘురాం గదిలోకి వెళ్ళి సంతకంలేని కాగితం బల్ల మీద పెట్టింది.

"తొమ్మిదీ నలభై సార్."

"ఏమిటి?"

"మొదటి కాల్. తొమ్మిదీ నలభైకి వచ్చింది. అదే చెబుతాను."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "నీ మాట ఎవరు నమ్ముతారు? కాగితం ఏముంది నీ దగ్గర? మనవాళ్ళం కదా అని నేను..."

"మనోల్లమేటి సార్?" అంది సత్యవేణి. ఆఫీసులో ఆయన ముందు ఆమె ఎప్పుడూ ఇంటి మాట మాట్లాడలేదు. ఆ రోజు అదే వచ్చింది, ఆపుకోలేదు. "మీరు మనోల్లన్నపుడల్లా నాను నోరు మూసుకున్నాను. ఆ మాట నోరు ముయ్యించడానికే అన్నారు మీరు. మీ కొడుకు ఆ ఓడలో ఉంటే మాత్రలెయ్యమందురా? మీటింగయ్యాక సూద్దామందురా? గొలుసు సంగతి మూడుసార్లు రాసినారు ఆల్లు. మూడుసార్లూ నానే మీకు పంపినాను. మీరు సూసినారు. సూసి పక్కన పడేసినారు. ఆడి కాలు తీసింది డాక్టర్లు కాదు."

"బయటికి నడువు," అన్నాడాయన.

"నడుస్తాను. తలుపు మాత్రం తెరిసే ఉంచుతాను. అందరూ ఇనాల."

విచారణ జనవరిలో జరిగింది. కొత్త రిజిస్టర్ని కంపెనీ వకీలు బల్ల మీద పెట్టాడు. ఒకే సిరా, ఒకే చేతిరాత, ఒక్క కొట్టివేత లేదు. సత్యవేణి దగ్గర కాగితం లేదు, నిజమే. కానీ ఉపగ్రహ ఫోన్‌లో మాట్లాడిన ప్రతి కాల్‌కీ ఆ సేవ ఇచ్చేవాళ్ళ దగ్గర టైము నమోదవుతుందని పదకొండేళ్ళ పనిలో ఆమెకి తెలుసు. అది తెప్పించమని విచారణ అధికారిని అడిగింది. తెప్పించారు. తొమ్మిదీ నలభై, పదీ ఇరవై అయిదు, పదకొండున్నర, పన్నెండూ యాభై. వరసగా నాలుగూ ఉన్నాయి.

మురళీమోహన్ కూడా వచ్చాడు. వస్తే మళ్ళీ ఓడ ఎక్కనిచ్చేది లేదని కంపెనీ కబురు పెట్టినా వచ్చాడు. ఆయన చెప్పింది తక్కువ. "ఆల్లు ఏటి రాసుకున్నా మరేటున్నాది బావూ. నాను మాటాడినాను. నాలుగు తడవలు మాటాడినాను." కెప్టెన్ తనకేమీ సరిగా గుర్తులేదన్నాడు.

వకీలు లేచి సత్యవేణిని అడిగాడు. "తొమ్మిదీ నలభైకే తెలిసింది కదా. మీ చేతిలో ల్యాండ్‌లైన్ ఉంది. నంబరు తెలుసు. మూడు గంటలు ఎందుకు ఆగారు?"

గదిలో వెనక వరసలో ఆశిష్ చేతికర్రలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె అతని వైపు చూడలేదు.

"భయపడ్డాను," అంది. "ఉద్యోగం పోతుందని. అది రాసుకోండి. నా తప్పు నా పేరు మీదే రాయండి." తర్వాత రఘురాం వైపు వేలు చూపించింది. "ఆయనకి భయం కూడా లేదు. భోజనానికి వెళ్ళాడు. అది కూడా రాసుకోండి."

రాసుకున్నారు.

జరిగింది ఇంత. నెల తిరక్కుండా అయిదు ఓడల ఫోన్లకీ తాళం తీయించారు. తీర రక్షక దళం నంబరు ప్రతి ఫోన్ పక్కనా అంటించమన్నారు. కెప్టెన్ లైసెన్సు ఆరు నెలలు ఆపారు. కంపెనీని మందలించారు. రఘురాం పడమటి తీరంలో ఇంకో రేవుకి, ఇంకొంచెం పెద్ద గదికి బదిలీ అయ్యాడు. వెళ్ళేముందు తెలుగు సంఘం ఆయనకి వీడ్కోలు సభ చేసింది, శాలువా కప్పింది. ఆశిష్ కేసు కోర్టులో ఉంది. సత్యవేణి కాంట్రాక్టు మార్చితో ముగిసింది, మళ్ళీ పొడిగించలేదు. సన్యాసమ్మ రెండు నెలలు కూతురితో ముభావంగా ఉంది. మూడో నెలలో ఖిదిర్‌పూర్ బజారులో చేపల గంప పెట్టుకుని తనే కూర్చుంది.

ఆశిష్ సత్యవేణిని క్షమించలేదు. ఆమె అడగనూ లేదు. ఇదంతా నాకు చెప్పింది ఆమే.

ఇప్పుడు మోమిన్‌పూర్‌లో ఒక డాక్టర్ దగ్గర రోగుల పేర్లు రాసుకునే పని చేస్తోంది. ఆదివారాలు ఖిదిర్‌పూర్‌లో ఓడ కూలీల యూనియన్ గదికి వెళ్తుంది. కొత్తగా ఓడ ఎక్కబోయేవాళ్ళు పదిమందో పన్నెండుమందో వస్తారు. పనికిరాని ఒక పాత ఉపగ్రహ ఫోన్ బల్ల మీద పెట్టి, ఏరియల్ ఎటు తిప్పాలో, ఓడ ఎక్కడుందో అంకెల్లో ఎలా చదవాలో, ఒక మాట చెప్పి ఎంతసేపు ఆగాలో నేర్పుతుంది. మెత్తగా మాట్లాడదు. తప్పు చెప్పినవాణ్ణి మళ్ళీ మళ్ళీ చెప్పిస్తుంది.

మొన్న నేను ఆ గదికి వెళ్ళినప్పుడు సోంపేట నుంచి వచ్చిన ఒకతన్ని లేపి, "మనిషికి దెబ్బ తగిలినాది. ముందు ఎవరికి సేస్తావు?" అని అడిగింది.

"ఆఫీసుకమ్మా."

"కూకో. నువ్వు సెప్పు."

"తీర రక్షక దళానికి," అన్నాడు పక్కనున్న నడివయసు మనిషి. తర్వాత కొంచెం తటపటాయించి, "కెప్టెన్ వద్దంటేనమ్మా?" అన్నాడు.

"వద్దన్న టైము రాసుకో. రాసుకుని సెయ్యి."

"ఉద్దోగం తీసేస్తాడు గదా."

"తీసేస్తాడు," అంది సత్యవేణి. "నాకు తీసేసినారు. అది తెలిసే సెయ్యాల. ఫోను తియ్యి, నంబరు కొట్టి సూపించు."

అతను లేచి వచ్చి, బల్ల మీది ఫోన్ అందుకుని, ఒక్కో అంకే పైకి చదువుతూ నొక్కడం మొదలుపెట్టాడు.